వేరు దగ్గర బేరం: మొక్క ఎంత ఇస్తుంది, ఎంత పుచ్చుకుంటుంది?

ఎకరం వేరుశనగలో ఏడు క్వింటాళ్ల కాయ పండిందనుకుందాం. ఒలిస్తే దాదాపు అయిదు క్వింటాళ్ల గుళ్లు వస్తాయి. కిలో గుళ్లలో సుమారు 45 గ్రాముల నత్రజని ఉంటుంది. గింజలోని మాంసకృత్తులు అది లేకుండా తయారు కావు. అయిదు క్వింటాళ్లకు లెక్క కడితే 22 కిలోలు దాటుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. గుళ్లు మిల్లుకు వెళ్లిన రోజున వాటితో పాటు ఒక యూరియా బస్తాకు మించిన నత్రజని కూడా చేను దాటిందన్నమాట. పశువులకు వేసే కట్టె ఒక టన్ను ఉంటే అందులో మరో 15 కిలోల పైన ఉంటుంది. మొత్తం కలిపితే 40 కిలోలకు దగ్గర. అంటే రెండు బస్తాలు.

వర్షాధారపు వేరుశనగకు వ్యవసాయ శాఖ సిఫారసు చేసే నత్రజని మాత్రం ఎకరాకు 8 కిలోలే. మరి మిగతాది ఎక్కడిది? కొంత నేలలో ముందు నుంచీ ఉన్నదే. సగానికి పైగా మాత్రం గాలి నుంచి వచ్చింది. వేరుశనగ తన నత్రజనిలో ఎంత గాలి నుంచి సంపాదిస్తుందన్నది నేలను బట్టి, వానను బట్టి చాలా మారుతుంది. మామూలు పరిస్థితుల్లో 50 నుంచి 70 శాతం అనుకోవచ్చు. 60 శాతం వేసుకుంటే 24 కిలోలు. ఈ 24 కిలోలూ ఉచితంగా రాలేదు. నేలలోని సూక్ష్మజీవులతో మొక్క చేసుకున్న బేరంలో వచ్చాయి. మొక్క ఏమిచ్చి వాటిని పుచ్చుకుందో తెలిస్తే, ఎరువు ఎక్కడ అవసరమో ఎక్కడ దండగో మనకూ తెలుస్తుంది.

గాలిలో అంత నత్రజని ఉంటే మొక్కే నేరుగా తీసుకోవచ్చు కదా?

ముందు గాలిలో ఎంత ఉందో చూద్దాం. ప్రతి చదరపు మీటరు నేల మీద సుమారు 10 టన్నుల గాలి నిలబడి ఉంటుంది. బరువులో ముప్పావు వంతు నత్రజనే. ఎకరానికి లెక్కిస్తే సుమారు 31 వేల టన్నులు, అంటే దాదాపు 15 లక్షల యూరియా బస్తాల్లో ఉండేంత. ఒక్క బస్తాకు కరువు పడే చేను మీద ఇంత సంపద ఉంది.

అయినా మొక్కకు అది అందదు. గాలిలో నత్రజని పరమాణువులు రెండేసి జతగా ఉంటాయి. ఆ రెంటినీ కలిపి ఉంచేవి మూడు బంధాలు. ప్రకృతిలో అంత గట్టి ముడులు అరుదు. ఆ ముడి విప్పి అమ్మోనియా లాంటి రూపంలోకి మారిస్తే తప్ప ఏ మొక్కా దాన్ని వాడుకోలేదు. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో ఈ పని చేసి చూపించాడు. కార్ల్ బాష్ 1913లో ఒపావు పట్టణంలో దాన్ని ఫ్యాక్టరీగా నిలబెట్టాడు. ఈనాటి యూరియా ఫ్యాక్టరీలదీ అదే దారి. 400 నుంచి 500 డిగ్రీల వేడి కావాలి. కారు టైరులో ఉండే ఒత్తిడికి డెబ్బై నుంచి తొంభై రెట్ల ఒత్తిడి కావాలి.

అదే పనిని కొన్ని బ్యాక్టీరియాలు మామూలు నేల వేడిలో చేసేస్తాయి. వాటి దగ్గర నైట్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంది. ఎంజైమ్ అంటే జీవకణంలో రసాయన మార్పులను నడిపించే మాంసకృత్తి. మొక్కల్లో గానీ జంతువుల్లో గానీ ఇది లేదు. వేడి అక్కర్లేకపోయినా దీనికి శక్తి మాత్రం విపరీతంగా కావాలి. ఒక్క జత నత్రజనిని విప్పడానికి కనీసం 16 ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. ఏటీపీ అంటే కణం లోపల శక్తిని మోసుకెళ్లే పదార్థం. అంత శక్తి నేలలోని బ్యాక్టీరియాకు సొంతంగా తేలిగ్గా దొరకదు. ఎండను చక్కెరగా మార్చగలిగిన మొక్క దగ్గర దొరుకుతుంది. ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి పడింది ఇక్కడే.

ఇద్దరూ ఒకరినొకరు ఎలా కనుక్కుంటారు?

పప్పుజాతి మొక్క నత్రజని చాలనప్పుడు వేరు నుంచి కొన్ని రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. రైజోబియం జాతి బ్యాక్టీరియా వాటిని పసిగట్టి తన రసాయనంతో బదులిస్తుంది. ఆ బదులు సరైనదైతేనే మొక్క దారి ఇస్తుంది. చాలా పప్పు పంటల్లో వేరు మీది సన్నని నూగు ద్వారా బ్యాక్టీరియా లోపలికి వెళుతుంది. వేరుశనగలో మాత్రం పిల్లవేరు బయటికి వచ్చేచోట ఏర్పడే సన్నని పగులు గుండా వెళుతుంది. బ్యాక్టీరియా చేరిన చోట వేరు మీద చిన్న బుడిపె ఏర్పడుతుంది. అందుకే వేరుశనగ బుడిపెలు పిల్లవేళ్లు మొలిచే మొదళ్ల దగ్గరే కనిపిస్తాయి.

బుడిపె లోపల సరుకు మారుతుంది. మొక్క ఆకుల్లో చేసిన చక్కెరను కిందికి పంపి, మాలిక్ ఆమ్లం వంటి చిన్న ఆమ్లాలుగా మార్చి బ్యాక్టీరియాకు ఇస్తుంది. బ్యాక్టీరియా అమ్మోనియాను ఇస్తుంది. మొక్క దాన్ని తనకు పనికొచ్చే రూపంలోకి మార్చుకుని పైకి పంపుతుంది. ఇందులో ఒక చిక్కుంది. ప్రాణవాయువు తగిలితే నైట్రోజినేజ్ పాడైపోతుంది. ప్రాణవాయువు అసలే లేకపోతే బ్యాక్టీరియా బతకదు. దీనికోసం మొక్క మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్‌ను తయారు చేస్తుంది. అది ప్రాణవాయువును పట్టి ఉంచి, కావలసినంత మాత్రమే బ్యాక్టీరియాకు అందిస్తుంది. పనిచేసే బుడిపెను గోటితో చీలిస్తే ఎర్రగా కనిపించేది అందుకే.

మొక్క చెల్లించే ధర ఎంత?

ఒక గ్రాము నత్రజని సంపాదించడానికి మొక్క తన కర్బనంలో సుమారు 5 నుంచి 10 గ్రాములు ఖర్చు పెడుతుంది. కర్బనం అంటే చక్కెరలో దాదాపు నలభై శాతం ఉండే మూలపదార్థం. మన ఎకరంలో గాలి నుంచి వచ్చిన 24 కిలోలకు లెక్కిస్తే 120 నుంచి 240 కిలోల కర్బనం అవుతుంది. చక్కెరగా చెబితే మూడు నుంచి ఆరు క్వింటాళ్లు. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు కిలోల చక్కెర వాడితే, తక్కువలో తక్కువ ఆరేళ్ల వాడకం. ఎకరం వేరుశనగ ఒక్క పంటకాలంలో వేళ్లకు పంపేది అంత.

అంత చెల్లిస్తే దిగుబడి తగ్గిపోదా?

ఈ అనుమానం సహజం. ఆ చక్కెరంతా కాయకు పోతే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. కానీ నత్రజని లేని ఆకు చక్కెర చేయలేదు. ఆకుపచ్చదనాన్ని ఇచ్చే పదార్థంలోనూ, ఎండను పట్టే ఎంజైముల్లోనూ నత్రజని ఉంటుంది. అది కరువైతే ఆకు పాలిపోతుంది, చక్కెర తయారీ కూడా పడిపోతుంది. ఎండ పుష్కలంగా ఉన్న మన నేలల్లో మొక్కకు చక్కెర చవక, నత్రజని ప్రియం. చవకైనది ఇచ్చి ప్రియమైనది తీసుకోవడం నష్టపు బేరం కాదు.

ఇంకో సంగతి ఉంది. యూరియా వేసినా మొక్కకు ఖర్చు తప్పదు. యూరియా నేలలో చాలావరకు నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్ అంటే నత్రజనికి ప్రాణవాయువు జతపడిన రూపం. దాన్ని మళ్లీ వాడుకోదగ్గ రూపంలోకి తేవడానికి మొక్క శక్తి ఖర్చు పెట్టాల్సిందే. బుడిపెకు పెట్టే ఖర్చు దానికంటే ఎక్కువే అయినా, తేడా మనం అనుకున్నంత ఉండదు. పైగా యూరియాకు రైతు జేబు నుంచి కూడా ఖర్చవుతుంది.

బ్యాక్టీరియా తిని ఊరుకుంటే?

ఒక మొక్క వేళ్లలో అనేక రకాల రైజోబియం చేరుతుంది. కొన్ని బాగా పనిచేస్తాయి. కొన్ని చక్కెర తీసుకుని నత్రజని ఇవ్వవు. మొక్క ఈ తేడాను గుర్తుపడుతుందా అని అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు సోయాచిక్కుడు మీద పరీక్షించారు. కొన్ని బుడిపెల చుట్టూ మామూలు గాలికి బదులు 80 శాతం ఆర్గాన్, 20 శాతం ప్రాణవాయువు ఉంచారు. అక్కడ నత్రజనే లేదు కాబట్టి ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియా కావాలన్నా ఏమీ ఇవ్వలేదు. ఫలితాన్ని 2003లో నేచర్ పత్రికలో ప్రచురించారు. సరుకు ఇవ్వని బుడిపెలకు మొక్క ప్రాణవాయువు తగ్గించింది. వాటిలోని బ్యాక్టీరియా, పనిచేసే బుడిపెల్లోని వాటితో పోలిస్తే సగం మాత్రమే పెరిగింది.

ఊళ్లో పాలకేంద్రం వాళ్లు ఎవరి పాలు వారివిగా వెన్న శాతం చూసి డబ్బు కడతారు. మొక్క కూడా ఏ బుడిపెకు ఆ బుడిపె లెక్క చూస్తుంది. అందరికీ కలిపి సగటు ధర కట్టదు. కోట్ల సంవత్సరాలుగా ఈ ఏర్పాటు చెడకుండా నడవడానికి ఇదొక ముఖ్య కారణం.

మరి యూరియా వేస్తే ఈ బేరం ఏమవుతుంది?

తగ్గిపోతుంది. నైట్రేట్ చేతికందినప్పుడు మొక్క బుడిపెలు వేయడం మానుకుంటుంది. ఉన్నవాటికి చక్కెర తగ్గిస్తుంది. పప్పు పంటకు బస్తాలకొద్దీ యూరియా వేయడమంటే, గాలి నుంచి రావలసిన దాన్ని ఆపి డబ్బు పెట్టి కొనడమే.

అలాంటప్పుడు ఆ మొదటి 8 కిలోలైనా ఎందుకు? విత్తనంలో దాచుకున్న నత్రజని మొలకను కొద్దిరోజులే పోషిస్తుంది. బుడిపెలు ఏర్పడి పని మొదలుపెట్టడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఆ నడుమ మొక్క ఆకలితో ఉండకుండా చూసేందుకే ఆ కొద్దిపాటి ఎరువు. పప్పు పంటలకు సాధారణంగా ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం సిఫారసు చేస్తారు. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. ఒక్క బస్తాతో రెండూ తీరిపోతాయి. ఆపైన యూరియా ఎందుకన్న ప్రశ్న వేసుకోవాలి.

పప్పు పంట వేస్తే నేలలో నత్రజని మిగులుతుందా?

మిగలవచ్చు, మిగలకపోవచ్చు. ఇది కూడికలు తీసివేతల లెక్క. గాలి నుంచి వచ్చిన దానిలోంచి చేను దాటి పోయిన దాన్ని తీసేయాలి. మన ఎకరంలో గాలి నుంచి వచ్చింది 24 కిలోలు. గుళ్లతో పోయింది 22. అక్కడికి రెండు మిగిలాయి. కట్టె కూడా పీకి ఇంటికి తెచ్చాం కాబట్టి మరో 15 పోయాయి. అంటే చేను 13 కిలోల అప్పులో ఉంది. వేసిన 8 కిలోల ఎరువును మొక్క పూర్తిగా వాడుకుందనుకున్నా అప్పు తీరదు. పశువులు తిన్న కట్టె పేడగా మారి అదే చేనుకు తిరిగొస్తే కొంత తీరుతుంది. వేరుశనగ వేస్తే చాలు, నేల బలపడుతుందన్న మాటను ఈ లెక్కతో చూసుకోవాలి.

కంది తీరు వేరు. అది ఆరేడు నెలలు చేలో ఉండి ఆకును అక్కడే రాలుస్తుంది. లోతైన వేళ్లు నేలలోనే ఉండిపోతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1983లో ప్రచురించిన పరిశోధనలో, కంది తర్వాత వేసిన మొక్కజొన్నకు హెక్టారుకు సుమారు 40 కిలోల నత్రజని వేసినంత మేలు కనిపించింది. ఎకరానికి చెబితే 16 కిలోలు. ముప్పావు బస్తా యూరియా.

పచ్చిరొట్టది ఇంకా పెద్ద లెక్క. జీలుగ వేసి పూత దశలో కలియదున్నితే చేను దాటి పోయేది ఏమీ ఉండదు. ఎకరానికి 5 టన్నుల పచ్చిరొట్ట వస్తే అందులో ఆరిన పదార్థం సుమారు ఒక టన్ను. అందులో 2.5 శాతం నత్రజని వేసుకున్నా 25 కిలోలు. అదంతా గాలి నుంచి వచ్చిందే కాదు, అంతా మొదటి పంటకే దక్కదు కూడా. అయినా వరి రైతుకు అది చిన్న సాయం కాదు.

భాస్వరం సంగతేమిటి? అది గాలిలో లేదు కదా?

లేదు. అది నేలలోనే ఉంది, అయినా అందదు. ఎకరం చేలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. అందులో 0.04 శాతం భాస్వరం ఉందనుకుంటే 360 కిలోలు. ఎరువుల బస్తా మీద రాసే ఆక్సైడు లెక్కలోకి మారిస్తే 36 డీఏపీ బస్తాల్లో ఉండేంత. కానీ ఎర్ర నేలల్లో అది ఇనుముతో, అల్యూమినియంతో బిగుసుకుని ఉంటుంది. నల్లరేగడిలో సున్నంతో బిగుసుకుంటుంది. ఏ క్షణాన చూసినా ఆ మట్టిలోని నీటిలో కరిగి ఉండే భాస్వరం పదుల గ్రాములకు మించదు. పంటకు కావలసింది కిలోల్లో. అంటే పంటకాలంలో ఆ నీరు వందల సార్లు ఖాళీ అయి మళ్లీ నిండాలి.

పైగా భాస్వరం మట్టిలో కదలదు. నైట్రేట్ నీటితో పాటు వేరు దగ్గరికి వస్తుంది. భాస్వరం రాదు, వేరు తానే దాని దగ్గరికి వెళ్లాలి. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదంతా తీసుకున్నాక అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. మనం వేసిన డీఏపీలోని భాస్వరంలో మొదటి పంట వాడుకునేది 15 నుంచి 20 శాతమే కావడానికి ఇదే కారణం. 23 కిలోల్లో మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు.

ఇక్కడ మొక్కకు రెండో భాగస్వామి ఉంది. అది మైకోరైజా శిలీంధ్రం, అంటే వేరు లోపలా బయటా పెరిగే ఒక రకం బూజు. మార్కెట్లో వామ్ పేరుతో అమ్మేది దీన్నే. దాని పోగులు మనిషి వెంట్రుక కంటే పది రెట్ల పైగా సన్నగా ఉంటాయి. లెక్క చూడండి. 0.3 మిల్లీమీటర్ల మందం ఉన్న పిల్లవేరును ఒక మీటరు పొడవు వేయడానికి పట్టే పదార్థంతో, 0.005 మిల్లీమీటర్ల మందం ఉన్న పోగును 3,600 మీటర్లు వేయవచ్చు. మందం 60 రెట్లు తగ్గితే పొడవు 60 ఇంటూ 60 రెట్లు పెరుగుతుంది. అందుకే మొక్క సొంతంగా వేరు పొడిగించడం కంటే శిలీంధ్రానికి చెల్లించి పని చేయించుకోవడం మేలు. వేరుకు అందని చోటికి ఆ పోగులు సెంటీమీటర్ల దూరం వెళ్లి భాస్వరాన్ని, జింకును తెస్తాయి. గ్రాము మట్టిలో ఈ పోగులు కొన్ని మీటర్ల పొడవు ఉండటం మామూలే.

దీని ధర కూడా చక్కెరే. దానితో పాటు కొంత కొవ్వు పదార్థం. మొక్క ఆకుల్లో తయారు చేసిన దానిలో 4 నుంచి 20 శాతం దాకా ఈ శిలీంధ్రానికి ఇస్తుంది. ఇక్కడా లెక్క పక్కాగానే ఉంటుంది. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, భాస్వరం ఎక్కువ ఇచ్చిన శిలీంధ్రానికి వేరు చక్కెర ఎక్కువ ఇచ్చింది. చక్కెర ఎక్కువ ఇచ్చిన వేరుకు శిలీంధ్రం భాస్వరం ఎక్కువ ఇచ్చింది. ఈ స్నేహం చాలా పాతది. స్కాట్లండ్‌లోని రైనీ అనే చోట దొరికిన 40 కోట్ల సంవత్సరాల నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఇలాంటి శిలీంధ్రాల ఆనవాళ్లున్నాయి.

అన్ని పంటలకూ ఈ శిలీంధ్రం ఉంటుందా?

నేల మీది మొక్కల జాతుల్లో సుమారు 70 శాతానికి ఉంటుంది. జొన్న, మొక్కజొన్న, పత్తి, మిరప, ఉల్లి, కంది, వేరుశనగ అన్నీ ఇందులోవే. క్యాబేజీ, కాలిఫ్లవర్, ముల్లంగి, ఆవాలు, పాలకూర, బీట్‌రూట్ మాత్రం దీనితో స్నేహం చేయవు. క్యాబేజీ తోటకు వామ్ కొన్నవారికి దాని వల్ల దక్కేది ఏమీ లేదు.

భాస్వరం ఎక్కువైన నేలలో మొక్క ఈ శిలీంధ్రానికీ చెల్లింపు తగ్గిస్తుంది. ఏళ్ల తరబడి డీఏపీ పడిన చేలో భూసార పరీక్ష చేయించి, భాస్వరం ఎక్కువని వస్తే ఆ బస్తా తగ్గించుకోవడమే మంచిది. నేలను పంట లేకుండా ఎక్కువ కాలం బీడు పెట్టినా, మాటిమాటికీ లోతుగా దున్నినా శిలీంధ్రం దెబ్బతింటుంది. బతికున్న వేరు లేనిదే అది పెరగలేదు, దున్నితే దాని పోగులు తెగిపోతాయి.

వరికి తోడు ఎవరు?

వరికి బుడిపెలు రావు. మడి నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు, అజొల్లా ఆకుల లోపల ఉండే అదే జాతి జీవి, వేళ్ల చుట్టూ తిరిగే అజోస్పైరిల్లం వంటి బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని కొంత పట్టి ఇస్తాయి. పి.కె. డే అనే శాస్త్రవేత్త 1939లోనే మడి నాచు చేసే ఈ మేలును చూపించాడు. ఎరువు వేయని వరి మడిలో ఇవన్నీ కలిపి హెక్టారుకు సుమారు 30 కిలోలు, అంటే ఎకరానికి 12 కిలోలు ఇస్తాయనుకోవచ్చు. టన్ను వడ్లు పండాలంటే పైరు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. 25 క్వింటాళ్ల పంటకు 37 నుంచి 50 కిలోలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. సూక్ష్మజీవులు వరికి సాయం చేస్తాయి కానీ అధిక దిగుబడికి కావలసినదంతా ఇవ్వలేవు. మిగతాది పచ్చిరొట్ట నుంచో, పశువుల ఎరువు నుంచో, యూరియా నుంచో రావాలి.

జీవామృతం వేస్తున్నాం కదా, అది చాలదా?

దీన్నీ లెక్కతోనే చూద్దాం. ఎకరానికి వాడే 200 లీటర్లలో పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల పప్పు పిండి, బెల్లం ఉంటాయనుకుంటే, మొత్తం నత్రజని 200 గ్రాముల చిల్లర. అర కిలో యూరియాలో ఉండేంత కూడా కాదు. ఒక్క బస్తాకు సమానం కావాలంటే వంద విడతలు పోయాలి.

జీవామృతం పనికిరాదని దీని అర్థం కాదు. దాన్ని నత్రజని ఎరువుగా లెక్కించకూడదని అర్థం. నేలలోని జీవాలకు ఆహారంగా, వాటి పనికి ప్రోత్సాహంగా దాన్ని వాడుతారు. ఆ జీవాలు పంటకు ఏదైనా ఇవ్వాలంటే చేలో సేంద్రియ పదార్థం ఉండాలి, పప్పుజాతి అంతరపంట ఉండాలి, ఏడాదిలో ఎక్కువ రోజులు నేలలో బతికున్న వేరు ఉండాలి. ప్రకృతి సాగులో మంచి దిగుబడి తీసే రైతులు ఈ మూడూ చేస్తారు. డ్రమ్ములోని ద్రావణాన్ని మాత్రమే చూసి మిగతావి వదిలేస్తే లెక్క కుదరదు.

రైజోబియం కల్చర్ కొనాలా?

కల్చర్ అంటే బొగ్గుపొడి లాంటి వాహకంలో పెంచిన బ్యాక్టీరియా. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. 200 గ్రాముల ప్యాకెట్‌లో వెయ్యి కోట్లు. ఎకరానికి 8 కిలోల పెసర విత్తనం వేస్తే అందులో రెండు లక్షలకు పైగా గింజలుంటాయి. ఒక్కో గింజకు 40 వేలకు పైగా బ్యాక్టీరియా అందుతుంది. అన్నీ బతికుంటేనే సుమా.

కొనాలా వద్దా అన్నది పంటను బట్టి ఉంటుంది. వేరుశనగ, పెసర, మినుము, అలసంద, కంది ఒకే గుంపు రైజోబియంను పంచుకుంటాయి. వీటిలో ఏదో ఒకటి తరచూ వేసే చేలో ఆ బ్యాక్టీరియా ముందే ఉంటుంది. అక్కడ కల్చర్ వల్ల తేడా కొద్దిగా ఉండవచ్చు, లేకపోవచ్చు. శనగకు, సోయాచిక్కుడుకు మాత్రం దేనికి దానికే వేరే బ్యాక్టీరియా కావాలి. ఎప్పుడూ శనగ వేయని నల్లరేగడిలో మొదటిసారి శనగ వేస్తుంటే, శనగ కోసమే తయారైన కల్చర్ పట్టించడం తప్పనిసరి అనుకోండి. పెసర కల్చర్ శనగకు పనికిరాదు.

పట్టించే పద్ధతి తేలిక. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లం వేసి పది నిమిషాలు మరిగించి పూర్తిగా చల్లార్చాలి. అందులో కల్చర్ కలిపి, విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా విత్తుకోవాలి. నీరు వేడిగా ఉన్నా, విత్తనం ఎండలో ఆరినా ఆ వెయ్యి కోట్ల లెక్క సున్నా అవుతుంది. తెగుళ్ల మందుతో విత్తనశుద్ధి చేయాల్సి ఉంటే దాన్ని ముందు చేసి, ఒక రోజు ఆగి కల్చర్ పట్టించాలి. ప్యాకెట్ మీద గడువు తేదీ, పంట పేరు చూడకుండా డబ్బు ఇవ్వకండి. షాపులో ఎండ తగిలే అరలో ఉన్నదాన్ని తీసుకోకండి.

మా చేలో ఈ బేరం నడుస్తోందని ఎలా తెలుస్తుంది?

పంట 35 నుంచి 40 రోజులున్నప్పుడు చేలో నాలుగైదు చోట్ల ఒక్కో మొక్కను మట్టితో సహా పారతో తవ్వి తీయండి. పీకితే బుడిపెలు మట్టిలోనే ఊడిపోతాయి. వేళ్లను బకెట్ నీటిలో నెమ్మదిగా కడగండి. బుడిపె వేరు పక్కన అంటుకున్నట్టుగా ఉండి, వేలితో తోస్తే ఊడి వస్తుంది. ఊడకుండా వేరే ఉబ్బినట్టు ఉంటే అది నులిపురుగు వల్ల వచ్చిన ముడి. దానికి వైద్యం వేరు. బుడిపెలు ఎన్ని ఉన్నాయన్నదాని కంటే లోపలి రంగు ముఖ్యం. కొన్నిటిని గోటితో చీల్చి చూడండి.

తెల్లగా ఉంటే అవి ఇంకా లేతవి కావచ్చు, పనిచేయని రకం కావచ్చు. వారం ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ తెల్లగానే ఉండి ఆకు పాలిపోతుంటే, ఈ పంటకు కొద్దిగా నత్రజని వేయక తప్పదు. వచ్చే ఏడాది సరైన కల్చర్ పట్టించాలని రాసి పెట్టుకోండి. పూతకు ముందే ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో మారితే బుడిపె పని ఆగిపోయిందని అర్థం. నీరు నిలిచిందా, బెట్ట తగిలిందా, భాస్వరం చాలలేదా అని వెతకండి. కాయ ఊరే దశలో అలా మారితే కంగారు అక్కర్లేదు. మొక్క తన చక్కెరను వేళ్ల నుంచి కాయ వైపు మళ్లిస్తోంది.

ఎర్రగా ఉంటే మీ చేలో బ్యాక్టీరియా తన వంతు ఇస్తోంది, మొక్క తన వంతు చెల్లిస్తోంది. పక్క చేను రైతు వేశాడని మీరూ పైపాటుగా యూరియా కొనకండి.